మొదటి వాటర్ కూల్డ్ కంప్యూటర్: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, భీమవరం, అమలాపురం, కాకినాడ, ఎటు చూసినా సొంతంగా కంప్యూటర్ బిగించుకునే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. ఒకటి బిగించాక చాలామంది మనసు వాటర్ కూలింగ్ మీదికి పోతుంది. దాని గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల్లో, 22 డిగ్రీల గదిలో కూర్చుని చెప్పినవి. మన గదులు వేరు, గాలి వేరు, నీళ్లు వేరు, కరెంటు వేరు. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు మన ఊళ్ల లెక్కలో జవాబులు రాశాను.

వాటర్ కూలింగ్ పెడితే ప్రాసెసర్ గది కన్నా చల్లగా ఉంటుందా?

ఉండదు. ముందు ఈ సంగతి మనసులో గట్టిగా పెట్టుకోండి, మిగతా ప్లానంతా దీని మీదే నిలబడుతుంది. నీళ్లు చలిని పుట్టించవు. ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడిని మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గదిలోకి వదిలేస్తాయి, అంతే. గదిలో గాలి 36 డిగ్రీలుంటే లూపులో, అంటే ఈ నీళ్లు చుట్టూ తిరిగే దారిలో, నీళ్లు ఎంత చేసినా 36 కన్నా కిందికి దిగవు. కంప్యూటర్ గట్టిగా పనిచేసేటప్పుడు గది కన్నా నీళ్లు ఓ 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉన్నాయంటే అది మంచి లూపు. అంటే 46. భారం మీదున్న పెద్ద ప్రాసెసర్ లోపలి వేడి దాని పైన ఇంకో 30, 40 డిగ్రీలు ఉంటుంది.

మన వైపు రైతుకి ఈ విషయం చెప్పక్కర్లేదు. కాలువ నిండా నీళ్లు పారుతున్నా, డ్రెయిను పూడిపోతే చేను మునగాల్సిందే. కంప్యూటర్‌కి రేడియేటరూ గదీ కలిపి ఆ డ్రెయిను. బ్లాకు (ప్రాసెసర్ మీద కూర్చునే, నీళ్లు పారే లోహపు ముక్క) మీద, పంపు మీద ఎంత డబ్బు పోసినా, వేడి బయటికి పోయే దారి లేకపోతే ఆ ఖర్చు దండగే. అందుకే ప్లాన్ గది దగ్గర మొదలుపెట్టమంటాను. ప్రాసెసర్ సంగతి తర్వాత.

గదిలో ఏం చూసుకోవాలి?

డాబా ఇంట్లో పై అంతస్తు గదయితే ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం చల్లగాలి తిరిగాక గేమ్ ఆడదామని కూర్చుంటారు. బయట హాయిగానే ఉంటుంది, గది మాత్రం ఇంకా ఉడుకుతూ ఉంటుంది. కింది అంతస్తులో గానీ ఉత్తరం వైపు గానీ గది ఖాళీ ఉంటే అది ఇవ్వమని ఇంట్లో అడగండి. అది కుదరకపోతే స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించడం కూడా మీ కంప్యూటర్ బడ్జెట్‌లో భాగమే అనుకోండి. ఆ ఖర్చు వల్ల మీకూ మీ మెషీన్‌కూ ఇద్దరికీ సుఖం.

రెండోది కంప్యూటర్ టేబుల్. మన ఇళ్లలో దొరికే టేబుళ్లకి కింద క్యాబినెట్ (కంప్యూటర్ భాగాలుండే డబ్బా) పెట్టుకోడానికి మూడు వైపులా చెక్కతో మూసిన గూడు ఒకటి ఉంటుంది. అందులో పెట్టొద్దు. రేడియేటర్ వదిలిన వేడిగాలే ఆ గూట్లో తిరిగి తిరిగి మళ్లీ రేడియేటర్‌లోకి వెళ్తుంది. ఇలా గూట్లో పెట్టిన మెషీన్‌ని బయటికి తీసి, గోడకి జానెడు దూరంలో స్టూలు మీద పెడితే చాలు, ఏ భాగమూ మార్చకుండానే టెంపరేచర్ దిగడం మీరే చూస్తారు.

మూడోది ఏసీ. కంప్యూటర్ 600 వాట్లు తింటే ఆ 600 వాట్లూ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి. వాటర్ కూలింగ్ దీన్ని ఒక్క వాటు కూడా తగ్గించదు. 1 టన్ను ఏసీ గదిలోంచి తోడేసే వేడి దాదాపు 3,500 వాట్లు. అంటే మీ ఏసీలో ఆరో వంతు కంప్యూటర్‌కే పోతుంది. చిన్న గదిలో ఉన్న ఏసీ ఎండాకాలంలో ఇప్పటికే ఆయాసపడుతుంటే ముందు ఈ లెక్క చూసుకోండి.

ఏదైనా కొనే ముందు ఓ చిన్న గది థర్మామీటరు తెచ్చి, వారం పాటు మధ్యాహ్నం మూడింటికీ రాత్రి తొమ్మిదింటికీ ఎంత ఉందో రాసి పెట్టుకోండి. ఆ కాగితం దగ్గరుంటే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తెలిసిపోతుంది.

అసలు నాకు వాటర్ కూలింగ్ అవసరమా?

చాలామందికి అవసరం లేదు. గేములకి బాగా పేరున్న రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి తయారీ కంపెనీ ఏఎమ్‌డీ చెప్పే టీడీపీ (కూలర్ మోయాల్సిన వేడి లెక్క) 120 వాట్లు. గేముల్లో అంత కూడా తీసుకోదు. ప్రాసెసర్ మీద బిగించే, రెండు ఫ్యాన్లున్న మంచి టవర్ ఎయిర్ కూలర్ దాన్ని మే నెలలో కూడా మోస్తుంది. ఆర్‌టీఎక్స్ 4070 లాంటి 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకి కంపెనీ ఇచ్చిన ఫ్యాన్లే చాలు. ఇలాంటి మెషీన్‌కి వాటర్ కూలింగ్ డబ్బు పెట్టే బదులు గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైది తీసుకోమంటాను.

నిజంగా అవసరం పడేది రెండు రకాల వాళ్లకి. ఒకరు గంటల తరబడి మెషీన్‌ని పూర్తి భారం మీద నడిపేవాళ్లు. పెళ్లిళ్ల సీజన్‌లో వీడియో ఎడిటింగ్ స్టూడియోల్లో సాయంత్రం పెట్టిన రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారు చేసే పని) తెల్లారేదాకా నడుస్తుంది. కోర్ ఐ9 14900కే లాంటి ప్రాసెసర్ 253 వాట్ల దాకా తీసుకోగలదు. 36 డిగ్రీల గదిలో దాన్ని ఎయిర్ కూలర్‌తో రాత్రంతా పరిగెత్తిస్తే వేడి హద్దు తగిలి వేగం దానంతటదే తగ్గిపోతుంది. రెండో రకం, శబ్దం గిట్టనివాళ్లు. ఇంట్లోనే డబ్బింగ్, పాటల రికార్డింగ్ చేసుకునేవాళ్లకి పెద్ద రేడియేటర్ మీద నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు నిజంగా వరం.

అందం కోసం పెట్టుకుంటామన్నా తప్పు లేదు. తనకి నచ్చిన వస్తువుని తన చేత్తో బిగించుకోవాలన్న ఇష్టం చాలా పెద్ద కారణం. కాకపోతే అందానికి ఖర్చు చేస్తున్నామని తెలిసి చేయండి.

ఏఐఓ కొనాలా, కస్టమ్ లూపా?

మొదటిసారైతే ఏఐఓ, అంటే ఆల్ ఇన్ వన్. బ్లాకు, పంపు, రేడియేటర్, గొట్టాలు అన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి, ద్రవం నింపి సీలు చేసి వస్తాయి. బిగించడం తప్ప మీకు పని ఉండదు. మంచి కంపెనీలు 5, 6 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, చవకవి తక్కువ. వారంటీ కాలాన్ని చూసి కొనడమే మంచి పద్ధతి, ఎందుకంటే రబ్బరు గొట్టాల గోడల్లోంచి ద్రవం ఏళ్ల మీద కొంచెం కొంచెం ఆవిరవుతుంది. వేడి ఎక్కువుంటే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. చాలా ఏఐఓల్లో మళ్లీ నింపుకునే వీలుండదు.

ఏఐఓ బిగించేటప్పుడు ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: పంపు లూపులో అన్నిటికన్నా ఎత్తులో ఉండకూడదు. లోపలున్న కొద్దిపాటి గాలి ఎప్పుడూ పైకి చేరుతుంది. రేడియేటర్‌ని క్యాబినెట్ పైభాగంలో పెడితే గాలి అక్కడే ఉండిపోతుంది, పంపుకి నీళ్లే అందుతాయి. ముందు వైపు నిలువుగా పెట్టాల్సి వస్తే గొట్టాలు కిందికి ఉండేలా, రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండేలా చూడండి. రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున పెడితే గాలంతా పంపులో చేరి గురగురమంటుంది, కొన్నాళ్లకి పంపు పాడవుతుంది.

కస్టమ్ లూపు, అంటే భాగాలు విడిగా కొని మీరే కలుపుకునేది, ఎవరికంటే, గ్రాఫిక్స్ కార్డుకి కూడా నీళ్లు పెట్టాలనుకునేవాళ్లకి, ఏడాదికోసారి అంతా విప్పి కడిగే ఓపికున్నవాళ్లకి. ఆ రెండో షరతు గురించి మీతో మీరు నిజం మాట్లాడుకోండి. కొన్న ఏడాది అందరికీ ఉత్సాహం ఉంటుంది. రెండో వేసవిలో కూడా విప్పుతారా అన్నదే అసలు ప్రశ్న.

రేడియేటర్ ఎంత పెద్దది కావాలి?

రేడియేటర్లని ఫ్యాన్ల లెక్కన కొలుస్తారు. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, 360 అంటే మూడు. 280, 420 అంటే 140 ఫ్యాన్లు. ఫ్యాన్లు మరీ గోల చేయకుండా తిరుగుతూ, నీళ్లు గది కన్నా 10 డిగ్రీల కన్నా ఎక్కువ వేడెక్కకుండా ఉండాలంటే ఒక్కో 120 ఫ్యాను చోటు సుమారు 100 వాట్లు మోస్తుందన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. రేడియేటర్ మందం, ఫ్యాను వేగాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఒక ఉదాహరణ వేద్దాం. 7800ఎక్స్3డీ 120 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4080 కార్డు 320 వాట్లు. మొత్తం 440. నాలుగున్నర ఫ్యాన్ల చోటు, అంటే ఒక 360, ఒక 240. అదే 14900కే, ఆర్‌టీఎక్స్ 4090 జంట అయితే 253కి 450 కలిపి 700 దాటుతుంది. రెండు 360లు పెట్టినా ఫ్యాన్లు కాస్త జోరుగా తిరగాల్సిందే.

చల్లటి ఊళ్లలో నీళ్లు గది కన్నా 15, 20 డిగ్రీలు పెరిగినా పర్వాలేదనుకుని చిన్న రేడియేటర్‌తో సరిపెడతారు. 22కి 20 కలిపితే 42, వాళ్లకి ఇబ్బంది లేదు. మన 36కి 20 కలిపితే 56. కస్టమ్ లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకి నీటి వేడి హద్దు 60 డిగ్రీలు. పెట్‌జీ ప్లాస్టిక్ గట్టి గొట్టాలు కూడా ఆ చుట్టుపక్కలే మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారడం మొదలెడతాయి. నీళ్లు 50 దాటకుండా ప్లాన్ చేసుకోండి. అందుకే లెక్కలో వచ్చినదాని కన్నా మన దగ్గర ఒక ఫ్యాను చోటు అదనంగా వేసుకోమంటాను.

చోటు లేకపోతే ఇంకో మార్గం ఉంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ప్రాసెసర్ పవర్ లిమిట్‌ని 253 నుంచి 180కి తగ్గించండి. పనిలో వచ్చే తేడా కొద్దిగానే ఉంటుంది, వేడిలో మాత్రం బాగా తెలుస్తుంది. ఎండలు ముదిరే రోజుల కోసం ఇలాంటి సెట్టింగ్ ఒకటి ప్రొఫైల్‌గా సేవ్ చేసి పెట్టుకుంటే తొలకరి పడ్డాక మళ్లీ వెనక్కి మార్చుకోవచ్చు.

ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లాలా? నీళ్ల వరస ముఖ్యమా?

ముఖ్యం కాదు. నిమిషానికి నాలుగు లీటర్లు పారుతుంటే 300 వాట్ల కార్డు దాటిన నీళ్లు పెరిగేది ఒక డిగ్రీయే. గొట్టాలు ఏ దారిన పోతే మెలిక పడకుండా చక్కగా ఉంటాయో ఆ దారే మంచిది. పంపుకి ముందు, దాని కన్నా ఎత్తులో రిజర్వాయర్ (నీళ్లు నింపే చిన్న ట్యాంకు) ఉండాలన్నది ఒక్కటే నియమం.

ఏసీ గదిలో నీళ్ల గొట్టాలకి చెమట పట్టదా?

కంప్యూటర్ నడుస్తున్నంతసేపు పట్టదు. నీళ్లు గది గాలి కన్నా ఎప్పుడూ వేడిగానే ఉంటాయి కాబట్టి వాటి మీద తేమ చేరే వీలు లేదు.

మన వైపు జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట ఉంది. వానాకాలంలో బయట గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి. అలాంటి గాలి 27 డిగ్రీల కన్నా చల్లని ఏ వస్తువుకి తగిలినా నీరై పేరుకుంటుంది. రాత్రంతా ఏసీ 22లో వేసి, పొద్దున్నే ఆపి కిటికీలు బార్లా తెరిచారు. ఆఫ్ చేసి ఉన్న కంప్యూటర్ లోపల లీటరు నీళ్లు, కేజీల కొద్దీ రాగి ఇంకా 22 దగ్గరే ఉంటాయి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లద్దాలు మసకబారినట్టే బ్లాకుల మీద, బోర్డు మీద సన్నటి తేమ పడుతుంది. గాలితో చల్లబరిచే మెషీన్ త్వరగా గది వేడికి వచ్చేస్తుంది, నీళ్లున్నది ఆలస్యంగా వస్తుంది. కిటికీలు తెరిచాక ఓ గంట ఆగి ఆన్ చేయండి. ఏసీ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా కూడా పెట్టొద్దు.

ఇంట్లో బోరు నీళ్లు పోయొచ్చా? ఆర్‌ఓ నీళ్లయితే?

బోరు నీళ్లు అస్సలు వద్దు. కోనసీమలో, నరసాపురం వైపు, సముద్రం దగ్గర పడేకొద్దీ భూమిలో నీళ్లు ఉప్పన. గీజరు రాడ్డుకి తెల్లగా పట్టే గార చూసే ఉంటారు. వాటర్ బ్లాకులో నీళ్లు పారే సందులు అర మిల్లీమీటరు కూడా ఉండవు. ఆ గార కొంచెం పట్టినా దారి మూసుకుపోతుంది. ఉప్పు రాగిని, నికెల్ పూతని తినేస్తుంది.

ఆర్‌ఓ నీళ్లలో, బాటిల్ నీళ్లలో కూడా కొంత లవణం మిగిలే ఉంటుంది. అవి తాగడానికి మంచివి, దీనికి పనికిరావు.

బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ పేరుతో అమ్మేవి సీలున్న డబ్బా అయితే రేడియేటర్ కడగడానికి వాడుకోవచ్చు. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా దాదాపు అలాంటి డబ్బాల్లోనే ఉంటుంది. లేబుల్ చదివి, అడిగి మరీ తీసుకోండి. లూపులో శాశ్వతంగా ఉండాల్సింది మాత్రం తుప్పు పట్టకుండా, పాచి పెరగకుండా మందు కలిపిన కూలెంట్. మన ఉక్కపోతలో వట్టి డిస్టిల్డ్ వాటర్ వదిలేస్తే నాచు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. మామూలు లూపుకి ఓ లీటరు సరిపోతుంది, కడగడానికీ చిందినదానికీ ఇంకొంచెం ఎక్కువ తెప్పించండి.

రంగుల విషయంలో నా మాట వినండి. పాలల్లా చిక్కగా కనిపించే పేస్టెల్ కూలెంట్లలో సన్నటి రేణువులుంటాయి. వేడికీ కాలానికీ అవి అడుగున పేరుకుని సందుల్లో ఇరుక్కుంటాయి. మొదటి లూపుకి స్వచ్ఛంగా, పారదర్శకంగా ఉన్న కూలెంటే పోయండి. రంగు కావాలంటే లైటు రంగు మార్చుకోవచ్చు. కొన్ని కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. పిల్లలున్న ఇంట్లో, పెంపుడు జంతువులున్న ఇంట్లో సీసా పైఅరలో పెట్టండి.

అల్యూమినియం రేడియేటర్ చవగ్గా వస్తోంది, తీసుకోనా?

రాగి బ్లాకుతో కలిపి వద్దు. రెండు వేరు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. కస్టమ్ లూపంతా రాగి, ఇత్తడి, నికెల్ పూతలే ఉండాలి. చాలా ఏఐఓల్లో అల్యూమినియం రేడియేటరే ఉంటుంది నిజమే, అందులో ద్రవాన్ని దానికి తగ్గట్టు తయారు చేసి సీలు చేస్తారు. అది చూసి మనం అలా కలపకూడదు.

గొట్టాలు మెత్తనివా, గట్టివా?

మెత్తనివి. కత్తితో కోసి, ఫిట్టింగులో తోసి, పైన రింగు తిప్పితే అయిపోయింది. గట్టి గొట్టాలని హీట్ గన్‌తో వేడి చేసి కొలత ప్రకారం వంచాలి. మొదటిసారి వేస్టేజ్ చాలా అవుతుంది. పారదర్శకంగా ఉండే మెత్తని గొట్టాల్లోంచి కొన్నాళ్లకి జిగురు లాంటి పదార్థం ఊరి నీళ్లని మసకగా చేస్తుంది. నల్లటి ఈపీడీఎమ్ రబ్బరు గొట్టాలకి ఆ బాధ లేదు. చూడ్డానికి సాదాగా ఉంటాయి కానీ వేడి గదుల్లో వాటిని మించినవి లేవు.

ఫిట్టింగుల దారాలన్నీ జీ 1/4 సైజే. నీళ్లు కారకుండా ఆపేది లోపలున్న చిన్న రబ్బరు రింగు. ప్లంబర్లు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు ఇక్కడ చుట్టొద్దు, స్పానర్‌తో బిగించొద్దు. యాక్రిలిక్ బ్లాకు దారం దగ్గర పగులుతుంది. చేత్తో బిగుతుగా వస్తే చాలు. యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవడం కూడా అంతే ప్రమాదం, వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి.

నాన్నగారు "నీళ్లు పోసినదానికి కరెంటు పెడతార్రా?" అంటున్నారు. ఏం చెప్పను?

ఆయన భయం న్యాయమైనదే. లీక్ టెస్ట్ చేసేటప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, చూస్తే ధైర్యం వస్తుంది.

ముందు రేడియేటర్‌ని గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, రెండు వైపులా మూతలు పెట్టి, ఊపి పారబోయండి. మొదటిసారి వచ్చే నీళ్లలో నల్లటి నలుసులు, టంకం పెట్టినప్పటి మడ్డి కనిపిస్తాయి. నలుసు రాకుండా తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత లూపంతా కలిపి, మదర్‌బోర్డుకీ గ్రాఫిక్స్ కార్డుకీ వెళ్లే పవర్ వైర్లన్నీ పీకేయండి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి పంపుకి ఒక్కదానికే కరెంటు వెళ్లాలి. 24 పిన్నుల కనెక్టర్‌కి పెట్టే చిన్న జంపర్ ప్లగ్గు దొరుకుతుంది, అది పెడితే బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది.

ప్రతి ఫిట్టింగ్ కింద తెల్లటి టిష్యూ కాగితం మడిచి పెట్టండి. రిజర్వాయర్ నింపి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ వేయండి. రెండు మూడు సెకన్లలో రిజర్వాయర్ నీళ్లు గొట్టాల్లోకి పరిగెడతాయి. మట్టం అడుగుకి రాకముందే స్విచ్ ఆపండి. పంపు బేరింగుని తడిగా ఉంచేది ఆ నీళ్లే, నీళ్లు లేకుండా పొడిగా తిరిగితే పాడైపోతుంది. మళ్లీ నింపండి, మళ్లీ వేయండి. ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి మట్టం నిలబడుతుంది. అప్పుడు క్యాబినెట్‌ని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వంచితే రేడియేటర్లో దాక్కున్న గాలి బుడగలు బుడబుడమంటూ రిజర్వాయర్‌లోకి వస్తాయి. ఆ తర్వాత 24 గంటలు పంపుని అలా నడవనివ్వండి. ఒక్క టిష్యూ కూడా తడవకపోతే బోర్డుకి కరెంటు ఇవ్వొచ్చు. గాలి ఒత్తిడితో పరీక్షించే చిన్న చేతిపంపు కూడా దొరుకుతుంది. అర బార్ దాకా గాలి కొట్టి ముల్లు కదలకుండా ఉందో లేదో చూస్తే నీళ్లు పోయకముందే లీకు తెలిసిపోతుంది. డబ్బుంటే అది తప్పకుండా కొనండి.

కూలెంట్ కరెంటు పారనివ్వదని సీసా మీద రాసి ఉంటుంది. కొత్తలో నిజమే కావచ్చు. లూపులో తిరిగాక లోహాల అంశ కలిసి ఆ గుణం పోతుంది. దాన్ని నమ్ముకుని లీక్ టెస్ట్ మానొద్దు.

కరెంటు పోతే లోపల నీళ్లు ఉడికిపోవా?

పోవు. కరెంటు పోతే పంపుతో పాటు వేడి పుట్టించే ప్రాసెసర్ కూడా ఆగిపోతుంది. ప్రమాదం అంతా కంప్యూటర్ నడుస్తూ పంపు ఒక్కటే ఆగినప్పుడు. అందుకని పంపు వేగం తెలిపే వైరుని మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి (ఫ్యాను వైరు గుచ్చే పిన్నులకి) పెట్టి, వేగం సున్నా అయితే మెషీన్ ఆగిపోయేలా బయోస్‌లో పెట్టుకోండి.

ఇంట్లో ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న ఇన్వర్టర్ మీద ఇలాంటి మెషీన్‌ని నడపొద్దు. చిన్న ఇన్వర్టర్ 600 వాట్లు మోయలేదు. పైగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లకీ, యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లకీ చాలాసార్లు పడదు. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకుంటే ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైమ్ దొరుకుతుంది.

వీటన్నిటి కన్నా ముందు ఎర్తింగ్. క్యాబినెట్ రేకు తాకితే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బాగు చేయించాకే నీళ్ల మాట ఎత్తండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను.

మాది సముద్రం పక్క ఊరు. ఉప్పు గాలికి రేడియేటర్ నిలుస్తుందా?

ఉప్పాడ, యానాం, ఓడలరేవు, అంతర్వేది వైపు వాళ్లు అడగాల్సిన ప్రశ్నే. ముందు మీ ఇంట్లో కిటికీ బోల్టులు, ఫ్యాన్ రెగ్యులేటర్ స్క్రూలు చూడండి. ఏడాదిలో గోధుమరంగు పొక్కులొస్తే మీ గదిలోకి ఉప్పు గాలి వస్తున్నట్టే. రంగు వేసిన రేడియేటర్ ఫిన్నులు (సన్నటి రేకులు) కొంత తట్టుకుంటాయి. ముందుగా దెబ్బ తినేవి క్యాబినెట్ స్క్రూలు, పోర్టులు, కనెక్టర్ల పిన్నులు. అందుకని కిటికీకి ఎదురుగా పెట్టకండి. వాడని రోజుల్లో కూడా ఓ గంట ఆన్ చేసి ఉంచితే లోపలి వెచ్చదనానికి తేమ నిలవదు. తడిగుడ్డతో మాత్రం తుడవొద్దు, ఉప్పు కరిగి మూలల్లోకి పోతుంది.

దుమ్ము, పురుగుల సంగతేంటి?

రైస్ మిల్లుల దగ్గర ఊళ్లలో ఊక బూడిద సన్నగా గాల్లో తేలుతూ వస్తుంది. రేడియేటర్ ఫిన్నుల మధ్య అది చేరితే పైకి బాగానే కనిపిస్తుంది, టార్చి వేసి ఏటవాలుగా చూస్తే లోపల దూది పరిచినట్టు ఉంటుంది. గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా సన్నటి జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి, నెలకి రెండు సార్లు ఆ జాలీ కడగండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పోతుంది.

చేలు కోతకొచ్చే రోజుల్లో రాత్రిళ్లు లైటు చుట్టూ మూగే సన్నటి పచ్చదోమ మన వాళ్లందరికీ తెలుసు. ఆర్‌జీబీ (రంగులు మారే) లైట్లు వెలిగే అద్దాల క్యాబినెట్‌ని చీకటి గదిలో పెడితే దోమంతా దాని మీదికే వస్తుంది, ఫ్యాన్లు లోపలికి లాగేసుకుంటాయి. ఆ పది పదిహేను రోజులు లైట్లు ఆర్పేసి ఉంచండి. వెనక ఖాళీగా ఉన్న స్లాట్లకి రేకు మూతలు పెట్టకపోతే వెచ్చదనానికి బల్లి దూరుతుంది.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? ఎంతవుతుంది?

ఏఐఓలు రాజమండ్రి, కాకినాడ, భీమవరం షాపుల్లో తెప్పించి ఇస్తారు. వారంటీ పని పడితే మనిషి ఎదురుగా ఉంటాడు కాబట్టి కొంచెం ఎక్కువైనా అక్కడే కొనమంటాను. కస్టమ్ లూపు సామాన్లకి ఆన్‌లైనే దిక్కు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లేవాళ్లు కూడా ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లడం మంచిది. గ్రాఫిక్స్ కార్డు వాటర్ బ్లాకు మీ కార్డు మోడల్‌కి కచ్చితంగా సరిపోవాలి. ఒకే చిప్పున్న రెండు కంపెనీల కార్డులకి బోర్డు వేరుగా ఉంటుంది. బ్లాకు దొరుకుతుందో లేదో చూసుకుని అప్పుడు కార్డు కొనండి.

ఏఐఓ వేలల్లో అయిపోతుంది. ప్రాసెసర్, కార్డు రెండిటికీ మంచి సామాన్లతో కస్టమ్ లూపు అంటే అర లక్షకి తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఫిట్టింగులు ఒక్కోటీ చిన్నవే కానీ పన్నెండు, పద్నాలుగు కావాలి, బిల్లులో చాలామందిని తికమక పెట్టేది అదే. రెండు ఫిట్టింగులు, కొన్ని రబ్బరు రింగులు అదనంగా తెప్పించండి. ఒక్క రింగు తెగితే మళ్లీ కొరియర్ వచ్చేదాకా మెషీన్ బల్ల మీద విప్పేసి ఉంటుంది.

ఎన్నాళ్లకోసారి విప్పి కడగాలి?

ఏడాదికోసారి. ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ చేస్తే మంచిది. మధ్యలో నెలకోసారి రిజర్వాయర్ మట్టం చూడండి. నీళ్లు మసకబారినా, గొట్టం లోపల జిగురుగా కనిపించినా, నీటి వేడి గది కన్నా ఎప్పుడూ లేనంత పెరుగుతున్నా ఏడాది ఆగొద్దు. ఏఐఓకి దుమ్ము దులపడం తప్ప పని లేదు.

మాది లంక గ్రామం. వరద వస్తే?

లూపుతో, అద్దాలతో కలిపి క్యాబినెట్ 20 కేజీలు దాటుతుంది. నేల మీద ఎప్పుడూ పెట్టకండి. ఇద్దరు పట్టుకుని మేడ మెట్లెక్కగలిగే సైజు క్యాబినెట్టే ఎంచుకోండి. పైకి చేర్చేటప్పుడు లూపు ఖాళీ చేయనక్కర్లేదు, నిలువుగా ఉంచి మోస్తే చాలు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మెషీన్ అప్పుడే మేడ మీద ఉండాలి.

హైదరాబాద్ నుంచి సంక్రాంతికి మెషీన్ ఊరు తీసుకురావచ్చా?

ఏఐఓ అయితే తీసుకురావచ్చు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం విప్పి, దాని డబ్బాలో పెట్టి విడిగా పట్టుకురండి. కస్టమ్ లూపుని నీళ్లతో బస్సు డిక్కీలో వేయొద్దు, పార్శిల్ అసలే వద్దు. సొంత కారులో అయితే వెనక సీట్లో నిలబెట్టి, బెల్టు కట్టి, కింద పాత తువ్వాలు పరిచి తీసుకురావచ్చు. ఇల్లు చేరాక ప్రతి ఫిట్టింగ్ చేత్తో తడిమి చూసి, టిష్యూలు పెట్టి పంపు ఒక్కదాన్నే ఓ గంట నడిపాకే బోర్డుకి కరెంటు ఇవ్వండి. బస్సులోనే రావాలంటే బయల్దేరే ముందు రోజు డ్రెయిన్ వాల్వు తిప్పి కూలెంట్‌ని శుభ్రమైన సీసాలోకి దింపేయండి. దాన్ని వడగట్టి మళ్లీ పోసుకోవచ్చు. లూపు కొనేటప్పుడే అన్నిటికన్నా కింద చోట డ్రెయిన్ వాల్వు ఒకటి పెట్టించుకోమని చెప్పేది ఇందుకే.